తెల్ల కాగితం లెక్క వేరు

ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల్లో ఆత్మకూర్ పేరుతో మూడు మండలాలున్నాయి. జూరాల ప్రాజెక్టుకు దగ్గర్లో, ఇప్పటి వనపర్తి జిల్లాలో ఉన్నది ఒకటి. నిజాం కాలంలో అమరచింత సంస్థానానికి అదే కేంద్రం. యాదాద్రి భువనగిరి జిల్లాలోది ఆత్మకూర్ (ఎం). సూర్యాపేట పక్కన ఉన్నది ఆత్మకూర్ (ఎస్). మూడూ మెట్ట సీమలే. చెరువు నిండితే వరి, నిండకపోతే బోరు మీద ఆశ, బోరూ ఎండితే వలస. తరాలు ఇట్లాగే గడిచాయి. మాట ఒకటే, కరువు ఒకటే. ఓటు మాత్రం ఒకటి కాదు.

2024 మే 13న ఈ మూడు ఆత్మకూర్ల జనం ఒకే ఎండలో నిలబడి లోక్‌సభకు ఓటేశారు. జూన్ 4న లెక్క తేలింది. సూర్యాపేట ఆత్మకూర్ ఉన్న నల్లగొండ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి కుందూరు రఘువీర్ రెడ్డికి 5,59,905 ఓట్ల మెజారిటీ వచ్చింది. భువనగిరిలో అదే పార్టీ అభ్యర్థి చామల కిరణ్ కుమార్ రెడ్డి 2,22,170 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. వనపర్తి ఆత్మకూర్ ఉన్న మహబూబ్‌నగర్‌లో మాత్రం బీజేపీ అభ్యర్థి డి.కె. అరుణ 4,500 ఓట్ల తేడాతో గట్టెక్కారు.

మహబూబ్‌నగర్ ఫలితాన్ని ఇంకాస్త దగ్గరగా చూడాలి. అంతకు ఆరు నెలల ముందే అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. ఈ లోక్‌సభ స్థానం కిందికి వచ్చే కొడంగల్, నారాయణపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర, మక్తల్, షాద్‌నగర్ ఏడింటినీ కాంగ్రెస్ గెలుచుకుంది. కొడంగల్ నుంచి గెలిచిన రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. పాలమూరు బిడ్డ ముఖ్యమంత్రి పీఠం మీద ఉన్నారు, ఏడుగురు ఎమ్మెల్యేలూ ఆ పార్టీవాళ్లే. అయినా ఎంపీ సీటు చేజారింది. ఇంకో ఐదేళ్లు వెనక్కి వెళ్తే 2018 డిసెంబరులో ఆ ఏడు స్థానాలూ టీఆర్‌ఎస్‌వి. అంటే ఐదేళ్లలో ఏడుకు ఏడు ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి పోయాయి, ఆ తర్వాత ఆరు నెలలకే ఎంపీ సీటు మూడో పార్టీకి పోయింది.

దీన్ని గాలి అని తేల్చేయడం సులువు. టీవీ చర్చల్లో అట్లాగే తేల్చేశారు కూడా. కానీ 1952 నుంచి వచ్చిన ఫలితాలను వరసగా పరిచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఈ మెట్ట జిల్లాల ఓటరు అడిగేది డెబ్బై ఏళ్లుగా పెద్దగా మారలేదు. నీళ్లు, పని, దొర ముందు తల ఎత్తుకుని నిలబడే ధైర్యం. మారింది ఆ అడగడాన్ని ఏ గుర్తు మీద పెడుతున్నారన్నదే. ఆ గుర్తు మీద ఎంతకాలం నమ్మకం ఉంచుతున్నారన్నది కూడా మారింది.

నల్లగొండ: పెట్టెల కాలం నుంచి

తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓటరు గుర్తు మీద ముద్ర వేసే పని లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. తెర వెనక్కి వెళ్లి నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. అక్షరం రాని పల్లె ఆ పెట్టెలతోనే తీర్పు చెప్పింది. కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించి అప్పటికి కొన్ని నెలలే అయింది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీకి దిగారు. నల్లగొండలో రావి నారాయణ రెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. దేశంలో నెహ్రూకు కూడా అన్ని ఓట్లు రాలేదు.

ఆ ఓటును సిద్ధాంతానికి పడిన ఓటు అనడం కన్నా వెట్టికి, దొరల గడీలకు ఎదురు నిలిచినవాళ్లకు పడిన ఓటు అనడం న్యాయం. అది ఒక్క ఎన్నికతో ఆరిపోలేదు. 1962లో రావి నారాయణ రెడ్డి సీపీఐ తరఫున మళ్లీ గెలిచారు. నడుమ కొన్నాళ్లు సీటు కాంగ్రెస్‌కు, తెలంగాణ ప్రజా సమితికి, తెలుగుదేశానికి పోయినా 1991, 1996లో బొమ్మగాని ధర్మభిక్షం, 1998, 2004లో సురవరం సుధాకర్ రెడ్డి దాన్ని తిరిగి సీపీఐ చేతికే తెచ్చారు. సురవరం పాలమూరు జిల్లా మనిషి. నల్లగొండ ఆయన్ను రెండుసార్లు ఢిల్లీకి పంపింది.

ఈ వరసలో 1996 ఎన్నికను తొందరపడి దాటిపోకూడదు. మర్రిగూడ, నాంపల్లి వైపు పల్లెల్లో బోరు నీళ్లు తాగి పిల్లల కాళ్లు వంకర తిరుగుతున్నాయి, నడి వయసువాళ్ల నడుములు వంగిపోతున్నాయి. ఫ్లోరైడ్ అని అందరికీ తెలుసు. అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయారు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి చివరికి ఎన్నికనే అర్జీగా మార్చింది. నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. అన్ని పేర్లు ఒక కాగితంలో పట్టవు, బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. ఎన్నికల సంఘం పోలింగ్‌ను వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఇప్పుడది 25,000.

నామినేషన్ వేసినవాళ్లలో గెలుస్తామని ఎవరూ అనుకోలేదు. వాళ్లు తమ వంగిన ఎముకలను దేశానికి చూపించాలనుకున్నారు, చూపించారు. ఓటరు అభిప్రాయాన్ని కొలవడానికి సర్వేలు బోలెడు వచ్చాయి గానీ, ఇంత సూటిగా చెప్పిన అభిప్రాయం నాకు ఇంకొకటి తెలియదు. ఢిల్లీ నుంచి మొదట వచ్చిన జవాబు డిపాజిట్ పెంపు కావడం ఈ రోజుకీ బాధ పెడుతుంది. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు ఇదే దారి పట్టినప్పుడు, 185 మంది అభ్యర్థుల కోసం అధికారులు ప్రత్యేకంగా యంత్రాలు సిద్ధం చేశారు. డిపాజిట్ పెరిగినా కడుపు మండినవాడు ఆగలేదు.

నల్లగొండ లోక్‌సభ ఓటు 2009 నుంచి కాంగ్రెస్ దగ్గర స్థిరపడింది. 2014లో తెలంగాణ అంతటా టీఆర్‌ఎస్ 17లో 11 గెలిచినా, కాంగ్రెస్‌కు దక్కిన రెండు సీట్లలో ఒకటి నల్లగొండ. వరసగా నాలుగు ఎన్నికలు. ఎర్ర జెండాతో మొదలైన జిల్లా మూడు రంగుల జెండా దగ్గర ఎందుకు ఆగిందన్నది ఇంకా విడిగా రాయదగిన విషయం. నా అభిప్రాయం ఒక్కటి చెప్తాను. పొత్తుల్లో భాగంగా ఒకసారి తెలుగుదేశంతో, ఇంకోసారి కాంగ్రెస్‌తో నడిచిన కమ్యూనిస్టులు తమ ఓటరును మెల్లమెల్లగా పెద్ద పార్టీల గుర్తులకు అలవాటు చేశారు. ఎవరి మీద కోపంతో ఆ ఓటు పుట్టిందో, ఆ కోపం తగ్గేసరికి అలవాటే మిగిలింది.

పాలమూరు: మనిషి ఒకరే, జెండాలు వేరు

పాలమూరు దారి ఇంకో రకం. ఇక్కడ ఉద్యమం కన్నా ముందు సంస్థానం ఉంది. అమరచింత, వనపర్తి, గద్వాల. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ ఇళ్ల నీడ ఎన్నికల మీద చాలాకాలం ఉంది. వనపర్తి రాజా జె. రామేశ్వర రావు మహబూబ్‌నగర్ నుంచి 1967లో కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత 1971లో తెలంగాణ ప్రజా సమితి తరఫున గెలిచారు. ఆ ఎన్నికలో తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రజా సమితివే. 1977లో ఆయనే మళ్లీ కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు.

ఇట్లాంటి కథలు ఈ సీటులో ఇంకా ఉన్నాయి. ఎస్. జైపాల్ రెడ్డి 1984లో జనతా పార్టీ, 1998లో జనతా దళ్ అభ్యర్థిగా ఇక్కడ గెలిచారు. 2014లో కాంగ్రెస్ కేంద్ర మంత్రిగా, తెలంగాణ ఇచ్చిన పార్టీ అభ్యర్థిగా వచ్చి 2,590 ఓట్లతో ఓడారు. ఆయన్ను ఓడించింది టీఆర్‌ఎస్ అభ్యర్థి ఎ.పి. జితేందర్ రెడ్డి. ఆ జితేందర్ రెడ్డి 1999లో ఇదే సీటును గెలిచింది బీజేపీ తరఫున. 2009లో ఇక్కడ గెలిచింది కె. చంద్రశేఖర రావు (కేసీఆర్). ఆ ఏడాది టీఆర్‌ఎస్‌కు రాష్ట్రమంతటా వచ్చిన ఎంపీ సీట్లు రెండే. అందులో ఒకటి మహబూబ్‌నగర్, రెండోది మెదక్. ఆ ఏడాది నవంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం కేసీఆర్ నిరాహార దీక్షకు కూర్చున్నప్పుడు, 2014 ఫిబ్రవరిలో రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభ దాటినప్పుడు ఆయన పాలమూరు ఎంపీయే.

1998 నుంచి 2024 వరకు ఏడు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. నాలుగు పార్టీల అభ్యర్థులు ఇక్కడ గెలిచారు. ఇంత చంచలమైన ఓటా అని ఎవరైనా అనవచ్చు. నేననను. నాయకులు ఎన్ని జెండాలు మార్చారో చూశాక ఓటరుకు ఒక్క జెండా మీద నమ్మకం ఎందుకు ఉండాలి?

ఇంకో సంగతి. పాలమూరు ఓటు, ఆ మాటకొస్తే తెలుగు ఓటు మొత్తం, ఢిల్లీ గాలికి ఎదురు నిలవడంలో దిట్ట. 1977లో ఉత్తరాది అంతా ఇందిరను ఓడించింది. ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కు ఇచ్చింది. మిగిలిన ఒక్కటీ నంద్యాలలో నీలం సంజీవ రెడ్డిది. 1984లో దేశమంతా రాజీవ్ వైపు నడిస్తే ఇక్కడ తెలుగుదేశం 30 గెలుచుకుంది. ఆ ఆగస్టులో ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను గద్దె దించిన తీరును జనం మర్చిపోలేదు. 1989లో దేశం రాజీవ్‌ను దించితే ఇక్కడ 39 సీట్లు కాంగ్రెస్‌కు. అదే రోజు జరిగిన అసెంబ్లీ పోరులో పాలమూరు జిల్లా కల్వకుర్తి సాక్షాత్తూ ఎన్టీఆర్‌నే ఓడించింది. మహబూబ్‌నగర్ ఎంపీ సీటు ఆ మూడుసార్లూ రాష్ట్రం దారిలోనే నడిచింది. 1977లో కాంగ్రెస్, 1984లో తెలుగుదేశం అండతో జనతా, 1989లో కాంగ్రెస్ నేత మల్లికార్జున్.

ఆ రోజుల్లో లోక్‌సభకు వేసే ఓటు చాలావరకు హైదరాబాద్ మీద అభిప్రాయమే. ఢిల్లీ ఎక్కడో ఉంది. రెండు రూపాయల బియ్యం ఇంటికి వస్తోంది. ఏ ప్రభుత్వాన్ని తలుచుకుని ఓటేస్తారో వేరే చెప్పాలా?

రెండు కాగితాలు విడిపోయాక

ఇప్పుడు ఆ లెక్క మారింది. ఎందుకు మారిందో తెలియాలంటే పోలింగ్ బూత్ లోపలికి వెళ్లాలి.

1999, 2004, 2009, 2014లో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు ఓటేశాం. ఆత్మకూర్ బడిలో వరసలో నిలబడ్డ మనిషి ముందు ఏజెంట్ల దగ్గర పేరు చదివించుకుంటారు. ఎడమచేతి చూపుడు వేలికి సిరా పెట్టించుకుంటారు. తర్వాత రెండు మరుగులు. 2004 నుంచి ఒక యంత్రం మీద గులాబీ రంగు కాగితం, అది ఎమ్మెల్యేకు. రెండోదాని మీద తెల్ల కాగితం, అది ఎంపీకి. ఊళ్లో ప్రచారమంతా ఎమ్మెల్యే అభ్యర్థి చుట్టే తిరుగుతుంది. జీపులు, జెండాలు, కూలీలను ముంబయి, పుణే నుంచి రప్పించే ఏర్పాట్లు, అన్నీ ఆ అభ్యర్థి అనుచరుల చేతుల మీదే నడుస్తాయి. గులాబీ కాగితం మీద నొక్కిన వేలు చాలామందికి తెల్ల కాగితం మీద కూడా అదే గుర్తు దగ్గరికి పోయేది.

అందరికీ కాదు. 2014లో మక్తల్ అసెంబ్లీ స్థానం కాంగ్రెస్ అభ్యర్థి చిట్టెం రామ్మోహన్ రెడ్డికి పోయింది, మహబూబ్‌నగర్ ఎంపీ సీటు టీఆర్‌ఎస్‌కు పోయింది. రెండు కాగితాలను విడదీసి చూసే ఓటరు అప్పటికే కొంత తయారై ఉన్నాడు.

2018 సెప్టెంబరులో కేసీఆర్ అసెంబ్లీని ముందే రద్దు చేశారు. తెల్ల కాగితం ఒంటరిదైంది. ఫలితం వెంటనే కనిపించింది. 2018 డిసెంబరులో టీఆర్‌ఎస్ 119లో 88 గెలిచింది. నాలుగు నెలలకే లోక్‌సభలో 17కు 9 దగ్గర ఆగింది. అసెంబ్లీలో 7 శాతం ఓట్లున్న బీజేపీ లోక్‌సభ ఎన్నికలో 19 శాతం దాటి నాలుగు సీట్లు తీసుకుంది. 2023లో అసెంబ్లీలో 14 శాతం దగ్గరున్న అదే పార్టీ 2024 మేలో 35 శాతానికి చేరి ఎనిమిది సీట్లు గెలిచింది. కాంగ్రెస్‌కూ ఎనిమిదే. 2023లో 37 శాతం తెచ్చుకున్న బీఆర్‌ఎస్ (పేరు మార్చుకున్న టీఆర్‌ఎస్) 17 శాతానికి పడిపోయి ఒక్క సీటూ గెలవలేదు.

మహబూబ్‌నగర్ అంకెలు ఇంకా సూటిగా చెబుతాయి. 2019లో టీఆర్‌ఎస్ అభ్యర్థి మన్నె శ్రీనివాస్ రెడ్డికి 4,11,402 ఓట్లు. 2024లో అదే అభ్యర్థికి 1,54,792. కాంగ్రెస్ అభ్యర్థి చల్లా వంశీచంద్ రెడ్డి 1,93,631 నుంచి 5,06,247కు ఎగబాకారు. అరుణ 3,33,573 నుంచి 5,10,747కు వచ్చారు. అరుణ సైతం 2019 మార్చి దాకా కాంగ్రెస్ నాయకురాలే, ఆ పార్టీ ప్రభుత్వాల్లో మంత్రి. మక్తల్‌కు ఆమె పరాయి మనిషీ కాదు, 2005 ఆగస్టు 15న మావోయిస్టుల చేతిలో హతమైన మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి కూతురు.

ఓటరు జేబులోనూ ఒక మార్పు వచ్చింది. 2018 మేలో రైతుబంధు మొదలైంది. ఏడాది తిరగకముందే కేంద్రం పీఎం కిసాన్ మొదలుపెట్టింది. రెండూ పడేది ఒకే బ్యాంకు ఖాతాలో. ఫోన్‌కు వచ్చే సందేశాలు మాత్రం రెండు. ఇది హైదరాబాద్ ఇచ్చింది, ఇది ఢిల్లీ ఇచ్చింది అని రైతు విడివిడిగా లెక్క రాసుకోవడం అక్కడి నుంచి బలపడిందని నేను నమ్ముతున్నాను. ఎన్టీఆర్ నాటి బియ్యం బస్తా మీద ఢిల్లీ ముద్ర కనిపించేది కాదు. ఇప్పుడు ప్రతి రూపాయికీ ఇచ్చినవారి పేరు అతికించి పంపుతున్నారు. జనం కూడా ఆ పేర్ల ప్రకారమే జమాఖర్చు చూస్తున్నారు.

దీనివల్ల ఒక నష్టం జరుగుతోంది, అది చెప్పకుండా వదిలేయలేను. 1977లోనో 1984లోనో తెలుగు జిల్లాలు లోక్‌సభకు వేసిన ఓటులో మా ఊరు, మా రాష్ట్రం అన్న మాట ఉండేది. ఇప్పుడు తెల్ల కాగితం ప్రధాని ఎవరన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. ఆ హడావుడిలో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు జాతీయ హోదా ఏమైందని ఎంపీ అభ్యర్థిని నిలదీసే గొంతు పలచబడుతోంది. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగిన పథకం అది. హోదా ఇవ్వాలని రాష్ట్రం అడుగుతూనే ఉంది, కేంద్రం ఇవ్వలేదు. ఈ జిల్లా మనుషులు నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టారు. గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఊరూరా ఆనకట్టలు లేపారు. తమ పొలానికి నీళ్లెప్పుడన్న ప్రశ్నను ఢిల్లీ ఓటులోంచి జారిపోనివ్వడం వాళ్లకు తగని పని.

వరసలో ఆడవాళ్లు

దేశమంతటా కనిపించే ఒక మార్పు ఈ మూడు ఆత్మకూర్లలోనూ కనిపిస్తుంది. 1962 లోక్‌సభ ఎన్నికలో దేశంలో మగవాళ్లు 63 శాతం ఓటేస్తే ఆడవాళ్లు 47 శాతమే. 2019కి రెండూ 67 శాతం దగ్గర సమానమయ్యాయి, ఆడవాళ్లదే వెంట్రుకవాసి పైచేయి. సారా వ్యతిరేక పోరాటం, పొదుపు సంఘాలు, ఇప్పుడు ఉచిత బస్సు ప్రయాణం, ఇవన్నీ ఆడవాళ్ల ఓటును ఇంటి పెద్ద చెప్పే గుర్తు నుంచి విడదీశాయి. తెలంగాణ ఓటర్ల జాబితాలో ఇప్పుడు వాళ్లే ఎక్కువ. అభ్యర్థుల జాబితాలో మాత్రం వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాలి.

పల్లెకు, పట్నానికి తేడా కూడా చూడాలి. 2024లో హైదరాబాద్ స్థానంలో ఓటేసింది 48 శాతం, భువనగిరిలో దాదాపు 77. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ సంస్థ 1967 నుంచి ఓటర్ల అభిప్రాయాన్ని అధ్యయనం చేస్తోంది. పేదలు, పల్లె జనం, దళితులు పట్నపు ఉన్నవాళ్ల కన్నా గట్టిగా ఓటేయడం మన ప్రజాస్వామ్యపు ప్రత్యేకత అని ఆ అధ్యయనాలు ఎప్పుడో గుర్తించాయి. ఓటు కోసం రాత్రంతా బస్సులో కూర్చుని ఊరికి వచ్చే పాలమూరు కూలీ ఇంటి గడపకు ఇది కొత్త సంగతి కాదు.

గీత మారితే

వనపర్తి ఆత్మకూర్ ఓటరుకు ఇంకో చిక్కుంది. 2009కి ముందు అమరచింత అని సొంత అసెంబ్లీ స్థానం ఉండేది. పునర్విభజనలో అది పోయి ఆత్మకూర్ మక్తల్‌లో కలిసింది. 2016లో జిల్లాలు మారాయి. ఇప్పుడు ఆత్మకూర్ మనిషికి కలెక్టర్ వనపర్తిలో ఉంటారు. నియోజకవర్గ కేంద్రమైన మక్తల్ నారాయణపేట జిల్లాలో ఉంది. ఎంపీ స్థానం మహబూబ్‌నగర్. ఒక పని కోసం మూడు దిక్కులు తిరగాలి.

జూరాల ఎడమ కాలువ సంగతీ అంతే. ఆత్మకూర్ మీదుగా పోయి పెబ్బేరు వైపు సాగుతుంది. ఆత్మకూర్ మహబూబ్‌నగర్ ఎంపీ కింద, వనపర్తి నియోజకవర్గంలోని పెబ్బేరు నాగర్‌కర్నూల్ ఎంపీ కింద. ఎగువ రైతు ఒకరికి మొర పెట్టుకోవాలి, దిగువ రైతు ఇంకొకరికి.

లోక్‌సభ స్థానాల సరిహద్దులు రాబోయే జనగణన తర్వాత మళ్లీ గీయాలి. 2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ చట్టసభల్లో మహిళల మూడోవంతు రిజర్వేషన్‌ను కూడా ఆ గీతలతోనే ముడిపెట్టింది. దక్షిణాది సీట్లు తగ్గుతాయా, పెరుగుతాయా అన్న వాదనే ఇప్పుడు అందరి నోటా నలుగుతోంది. ఆ వాదన అవసరమే. దానితోపాటు సరిహద్దుల మీద అభ్యంతరాలు పిలిచే రోజున ఆత్మకూర్, పెబ్బేరు రైతులు కలిసి వెళ్లి, ఎడమ కాలువ ఆయకట్టు మొత్తాన్ని ఒకే ఎంపీ కిందికి తెమ్మని రాతపూర్వకంగా అడగాలి.